ఎడమ పక్క సూది: డోసు పెంచుకుంటూ పోయిన ఒక షుగర్ కేసు

ఈ కేసులో మనిషి పేరు రాయడం లేదు. వయసు, కుటుంబం, అంగడి ఉన్న వీధి లాంటివి కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. ఆమెను అడిగే రాస్తున్నాను. "రాసుకోండి సార్, నేనేమన్నా తప్పు చేసినానా" అంది. తప్పు ఎక్కువగా నాదే. అందుకే రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

నేపథ్యం

యాభై దాటిన ఆమె. తిరుపతిలో ఇంటి ముందు వసారాలోనే టిఫిన్ అంగడి. మూడున్నరకు లేచి, వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గేసి, నాలుగింటికల్లా పొయ్యి వెలిగిస్తుంది. కొండకు పోయే యాత్రికులు, ఆటోవాళ్లు, డ్యూటీ దిగి ఇంటికి పోయే నర్సులు ఆమె గిరాకీ. పదిన్నర దాకా ఇడ్లీ, దోసె, పొంగలి. కొడుకు సరుకులు చూస్తాడు, కోడలు లోపల పిండి, చట్నీ చూస్తుంది. పెనం ముందు మాత్రం ఆమే నిలబడాలి. దోసె ఇంకొకరు పోస్తే ఆమెకు నచ్చదు.

షుగర్ వచ్చి పదకొండేళ్లు. మొదటి ఐదేళ్లు మాత్రలు, తర్వాత ఇన్సులిన్. ఆగస్టులో నా దగ్గరికి వచ్చేనాటికి 30/70 మిక్స్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది 30 పాళ్లు, నిదానంగా పనిచేసేది 70 పాళ్లు కలిపినది) ఉదయం 22, రాత్రి 14 యూనిట్లు, దాంతోపాటు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతోంది. సీసా, సిరంజి పద్ధతే. ఇన్సులిన్ పెన్ను ఖరీదెక్కువని వద్దనుకుంది. బరువు 61 కిలోలు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు బాగానే ఉన్నాయి. రక్తహీనత లేదు, కాబట్టి మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ అంకెను నమ్మొచ్చు. అది 9.4 ఉంది, ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ.

వచ్చిన సమస్య

9.4 అనేది మా ఓపీలో రోజూ చూసే అంకె. అంతకంటే ఇబ్బంది పెట్టింది కోడలు రాసి తెచ్చిన నోట్‌బుక్. ఒకరోజు పరగడుపున 268, మర్నాడు 91, ఆ మర్నాడు 312. తిండి అదే, డోసు అదే, పని అదే. వారంలో ఒకటి రెండు సార్లు పదిన్నర ప్రాంతంలో చెమటలు పట్టి, కాళ్లు తేలిపోయి, మీటర్ పెడితే 60ల్లో ఉండేది. 70 కంటే తగ్గితే లో షుగర్ కిందే లెక్క. మరో రోజు అదే వేళకు 290.

షుగర్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే మందు చాలడం లేదనుకోవచ్చు. ఎప్పుడూ తక్కువగా ఉంటే మందు ఎక్కువైంది అనుకోవచ్చు. ఇలా ఎగిరి పడుతూ ఉంటే మందు ఎంత అని కాదు, మందు ఒంట్లోకి ఎలా పోతోంది అని అడగాలి. ఈ వాక్యం ఇప్పుడు సులువుగా రాస్తున్నాను. ఆగస్టులో నాకు తట్టలేదు.

మొదటి ఐదు నెలలు

ముందు తిండి మీద పడ్డాను. మా వైపు ఎవరికి షుగర్ అని తేలినా మర్నాటి నుంచి రాగి సంగటి మొదలవుతుంది. సంగటికి షుగర్ రాదని గట్టి నమ్మకం. ఈమె కూడా రాత్రికి అన్నం మానేసి రెండు ముద్దల సంగటి, ఊరిబిండి తినేది. ముద్ద ఎంత ఉంటుందని అడిగితే రెండు చేతులూ కలిపి చూపించింది. రాగిలో పీచు ఎక్కువే, కానీ పిండిపదార్థం బియ్యానికి దాదాపు దగ్గరగానే ఉంటుంది. పైగా సంగటిలో నూకలు కూడా వేస్తారు. "ముద్ద ఒకటి చాలమ్మా, మిగతా కడుపుకి అలసందల కూర, ఆకుకూర" అన్నాను. చేసింది. రాత్రి భోజనం తర్వాతి అంకెలు కాస్త దిగాయి. ఎగుడుదిగుడు మాత్రం అలాగే ఉంది.

తర్వాత తమిళుల పెరటాసి నెల వచ్చింది. శనివారాలు ఒక్కపొద్దు, పైగా తమిళనాడు నుంచి వచ్చే యాత్రికులతో అంగట్లో ఊపిరాడని గిరాకీ. లో షుగర్లకు ఒక్కపొద్దే కారణం అనుకుని శనివారం ఉదయం డోసు తగ్గించి రాసిచ్చాను. పెరటాసి అయిపోయింది, లో షుగర్లు పోలేదు. నోట్‌బుక్ మళ్లీ చూస్తే అవి ఎక్కువగా పడింది మంగళ, బుధవారాల్లో. ముందే చూసి ఉంటే శనివారాన్ని అనేవాడిని కాదు.

ఇన్సులిన్ పాడైందేమో చూశాను. సీసా ఫ్రిజ్‌లో, దోసె పిండి గిన్నె పక్కన ఉంటుంది. ఫ్రీజర్‌లో కాదు. తెరిచిన సీసా వారం పది రోజుల్లో అయిపోతుంది కాబట్టి పాతబడే ప్రసక్తి లేదు. మబ్బుగా ఉండే ఈ ఇన్సులిన్‌ను రెండు అరచేతుల మధ్య దొర్లించి కలుపుకోవాలి. అదీ సరిగ్గానే చేస్తోంది.

సిరంజి చూశాను. ఇది ప్రతి కేసులోనూ చూడాల్సిందే. మన దగ్గర సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటి సిరంజికి ఎర్ర మూత. నారింజ రంగు మూత ఉన్నది 100 యూనిట్ల ఇన్సులిన్‌కు. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 30 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 12 యూనిట్లే. ఈమెది ఎర్ర మూతే. నా ముందే లాగి చూపించమన్నాను. కళ్లద్దాలు పెట్టుకుని, గాలి బుడగ పోయేలా గోటితో తట్టి, గీత మీద సరిగ్గా ఆపింది. ఒక మంచి నర్సు కంటే శుభ్రంగా చేసింది. లాగడం దాకా చూశాను. పొడుచుకోవడం చూడలేదు. ఆ రోజు ఇంకో అర నిమిషం ఆగి ఉంటే ఈ కేసు సెప్టెంబరులోనే తేలిపోయేది.

తెల్లవారుజామున మూడింటికి వారం రోజులు మీటర్ పెట్టించాను. రాత్రి లో అయిపోయి, ఒళ్లు దాన్ని సరిదిద్దబోయి ఉదయానికి షుగర్ ఎక్కుతోందేమో అని అనుమానం. రెండు రాత్రులు 240 పైన, ఒక రాత్రి 72. ఏమీ తేలలేదు.

ఈలోగా డోసు మాత్రం పెరుగుతూ పోయింది. సెప్టెంబరులో 26, 16. నవంబరులో 30, 22. జనవరికి ఉదయం 36, రాత్రి 26. ప్రతిసారీ నోట్‌బుక్‌లో పెద్ద అంకె కనబడేది, నేను పెంచేవాణ్ని. 61 కిలోల మనిషికి రోజుకు 62 యూనిట్లు, అంటే కిలోకు ఒకటి దాటింది. ఆ లెక్క చూసైనా ఆగాల్సింది. జనవరిలో హెచ్‌బీఏ1సీ 9.9.

ఇక సిగ్గుపడాల్సిన భాగం. డిసెంబరులో ఆమె కేస్ షీట్ మీద "సూది మానేస్తున్నట్టుంది" అని రాశాను. ఆమె ముఖం మీదే, కొంచెం కటువుగా, "నిజం చెప్పమ్మా, రోజూ వేసుకుంటున్నావా?" అని అడిగాను. "వేసుకుంటా ఉండాను సార్, దేవుడి సాక్షిగా" అంది. కోడలు తలదించుకుంది. వాళ్లు మందుల షాపు బిల్లులన్నీ ఒక కవర్లో పెట్టి దాచుకునే రకం. ఆ కవరు నా బల్ల మీదే ఉంది. సీసాలో 400 యూనిట్లు. జనవరి డోసు ప్రకారం నెలకు 1860 యూనిట్లు కావాలి, అంటే నాలుగున్నర సీసాలకు పైమాట. జనవరి చివర్లో లెక్కపెడితే ఆ నెలలో కొన్నది ఐదు సీసాలు. ఆమె ఒక్క పూట కూడా మానలేదు. డిసెంబరులోనే ఆ కవరు తెరిచి ఉంటే ఆ మాట రాసేవాణ్ని కాదు.

చెయ్యి వేసిన రోజు

జనవరి ఆఖరి వారంలో వేరే పని మీద వచ్చింది. రెండు రోజులుగా కడుపుబ్బరం. మంచం మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూస్తున్నాను. బొడ్డుకు ఎడమ పక్క వేళ్ల కింద ఏదో అడ్డం తగిలింది. చూపుకు పెద్దగా తెలియదు. లైటు పక్కనుంచి పడితే కొంచెం ఉబ్బు. వేళ్లతో పక్కనుంచి జరుపుకుంటూ పోతే అంచు తెలిసింది. గట్టి కాదు, మెత్తనా కాదు, బాగా పిసికిన పూరీ పిండి ముద్దలా ఉంది. నా అరచేయంత వెడల్పు. కుడి పక్క చర్మం రెండు వేళ్ల మధ్యకు సులువుగా వస్తే, ఇక్కడ పట్టుకోవడానికే రాలేదు.

"ఇది ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?"

"అది సూది వేసుకునే చోటు సార్. మూడేండ్లుగా ఉంది. ఆడైతే నొప్పి తెలీదు."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"గడ్డ అంటే ఆపరేషన్ అంటారని చెప్పలే."

ఒకే చోట పదే పదే ఇన్సులిన్ పడితే అక్కడి కొవ్వు ఉబ్బుతుంది. ఇన్సులిన్‌కు కొవ్వును పెంచే గుణం ఉంది. మొద్దుబారిన సూది దానికి తోడవుతుంది. దీన్ని మేము లైపోహైపర్‌ట్రోఫీ అంటాం. క్యాన్సర్ కాదు, కోత అక్కర్లేదు. కానీ ఆ ముద్దలో వేసిన మందు ఎప్పుడు, ఎంత రక్తంలోకి వస్తుందో చెప్పలేం. ఒకరోజు లోపలే నిలిచిపోతుంది, ఇంకోరోజు ఆలస్యంగా ఒక్కసారి వస్తుంది. 312, 91, 66 అన్నీ ఆ అరచేయంత చోటులోనే ఉన్నాయి. పైగా నొప్పి తెలియకపోవడంతో మనిషి మళ్లీ మళ్లీ అక్కడికే పోతుంది.

ఎడమ పక్కే ఎందుకు అని అడిగితే ఆమె చెప్పిన జవాబు ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. "ఎడమ పక్కైతే కొంగు తీసే పన్లేదు సార్. అంగట్లో నిలబడే వేసుకోవచ్చు. కుడి పక్క కొంగు అడ్డం వస్తుంది, జనాలు చూస్తారు." లేచి నిలబడి చూపించింది. నిజమే. కొంగు కుడి చంక కింద నుంచి వచ్చి ఎడమ భుజం మీదికి పోతుంది. నడుము ఎడమ పక్క జాకెట్టుకూ చీరకూ మధ్య జానెడు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. కుడి చేత్తో సిరంజి పట్టుకుంటే నేరుగా అక్కడికే పోతుంది. ఆరేళ్లలో రోజుకు రెండు సూదులు, నాలుగు వేలకు పైగా పోట్లు, ఆ జానెడు చోటులోనే. సిరంజి ఒకటి పదిహేను రోజులు వచ్చేది, "మొద్దుబారి గుచ్చుకోకపోతే" మార్చేది.

తేలాక నేను చేసిన తప్పు

ఎడమ పక్క వదిలేసి కుడి పక్క వేసుకోమన్నాను. మంచి చోట వేసిన ఇన్సులిన్ పూర్తిగా పనిచేస్తుంది కాబట్టి డోసు తగ్గించాలి. ఇది నాకు తెలుసు. మామూలుగా 20 శాతం దాకా తగ్గించి, రోజూ మీటర్ చూసుకుంటూ సర్దుకోవాలి. ఈమె డోసు ఐదు నెలల్లో ఆ ముద్ద కారణంగానే పెరిగింది కాబట్టి ఇంకా ఎక్కువే తగ్గించాలి. కానీ కళ్ల ముందు 9.9 ఉంది. భయపడి ఉదయం 36ను 32 చేశాను, రాత్రి 26 ముట్టుకోలేదు. మొత్తం మీద తగ్గింది నాలుగే యూనిట్లు.

మూడో రోజు ఉదయం ఏడింటికి పెనం ముందు నిలబడి పిండి పెనం మీద కాక పొయ్యి గట్టు మీద పోసింది. గిరాకీకి వచ్చిన ఆటోడ్రైవరు చూసి కేకేశాడు. కోడలు మీటర్ పెడితే 49. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 78. తర్వాత రెండు ఇడ్లీలు పెట్టింది. ఆ పిల్లకు ఈ పద్ధతి ఆగస్టులోనే నేర్పి ఉన్నాం. ఐదు నెలల్లో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటేనేమో.

డోసు ఆ పూటే 26, 18కి దించాను. కానీ ఏడింటికే ఎందుకు పడింది? ఈ మిక్స్ వేసుకుని అరగంటలో తినాలి. ఆమె మొదటి నుంచీ "అరగంటకు తింటా సార్" అనే చెబుతోంది. ఈసారి కోడల్ని అడిగాను. ఐదింటికి సూది, ఐదున్నరకు చట్నీలో ఉప్పు చూడడానికి ఒక చెంచా, పొంగలి ఒక ముద్ద. కూర్చుని తినేది తొమ్మిదింటికి. ఆమె దృష్టిలో ఐదున్నరకు తిన్నట్టే.

మరి ఆరేళ్లుగా ఏడింటికి ఎందుకు పడిపోలేదు? నా అంచనా ఇది: ముద్దలో పడ్డ మందు ఆలస్యంగా దిగుతోంది కాబట్టి తొమ్మిది గంటల తిండికి అది ఎలాగో సరిపోతూ వచ్చింది. ఒక తప్పును ఇంకో తప్పు మోస్తూ వచ్చింది. చోటు మార్చి ఒకదాన్ని సరిచేసేసరికి రెండోది బయటపడింది. చోటు మార్చే రోజున తిండి వేళ కూడా గడియారం పెట్టి అడగాలని అప్పటి నుంచి పట్టుకున్నాను.

పనిచేసింది

వేళ మార్చడం సులువుగానే అయింది. ఎనిమిదింటికి గిరాకీ కాస్త తగ్గుతుంది. అప్పుడు లోపలికి పోయి, తలుపేసుకుని సూది వేసుకుని, ఎనిమిదిన్నరకు కూర్చుని తింటుంది. ఆ అరగంట పెనం కోడలిది. "దాని దోసె మందంగా వస్తుంది సార్" అని నాకు ఫిర్యాదు. కొంగు సమస్య కూడా తలుపు వేసుకోవడంతో పోయింది.

చోటు మార్చుకునే పద్ధతి మాత్రం తేలలేదు. పొట్ట బొమ్మ గీసి, నాలుగు భాగాలు చేసి, గడియారం ముల్లు తిరిగినట్టు బాణాలు వేసిన చార్టు ఒకటి మా దగ్గర ఉంది. పోటుకూ పోటుకూ మధ్య వేలెడు దూరం ఉండాలని చెప్పి అది ఇచ్చాను. రెండు వారాల తర్వాత అది చట్నీ మరకతో తిరిగొచ్చింది. "ఇది నాకు తిక్కతిక్కగా ఉంది సార్" అంది. ఆగి, తనే అంది: "వేలెడు దూరం అంటిరి కదా. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు పెట్టుకుంటే చాలదా?"

చాలుతుంది. కుడి పక్క వరసకు ఏడు చుక్కలు, నాలుగు వరసలు. వారానికి ఒక వరస. ఆదివారం బొడ్డు వైపు మొదలు, శనివారం నడుము వైపు ఆఖరు. నాలుగు వారాలకు మళ్లీ మొదటి చుక్క దగ్గరికి వస్తుంది. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేయాలి. ఇది ఉదయం సూదికి. రాత్రి సూది తొడకు, ఒక వారం కుడి, ఒక వారం ఎడమ. పొట్టలో మందు వేగంగా దిగుతుంది, తొడలో నిదానంగా. రాత్రికి నిదానమే మేలు. ఏ వారం ఏ వరసో గోడ క్యాలెండర్ మీద సుద్దముక్కతో గీత పెట్టుకుంటుంది. రోజూ తెల్లవారుజామున చీకట్లో చుక్కలు తప్పకుండా పెట్టే చేతికి దీన్ని నేను నేర్పాల్సింది ఏముంది?

సిరంజి విషయంలో పుస్తకం ప్రకారం ఒక సూది ఒకసారికే. బేరమాడి రోజుకొకటి దగ్గర తెగింది. నాకు పూర్తి తృప్తి లేదు, పదిహేను రోజుల కంటే నయం. వాడినవి మందమైన డబ్బాలో వేసి, నిండాక మా దగ్గరికే తెచ్చి ఇస్తుంది.

నాలుగు నెలలకు డోసు 26, 16 దగ్గర నిలబడింది. రోజుకు 42 యూనిట్లు, నెలకు మూడు సీసాలకు కొంచెం పైన. హెచ్‌బీఏ1సీ 8.0. పదిన్నర చెమటలు నెలకు ఒకసారికి తగ్గాయి. ఎడమ పక్క ముద్ద సగానికి వచ్చింది, ఇంకా ఉంది. ఇది చదివి ఎవరూ సొంతంగా డోసు తగ్గించుకోవద్దు. ఈమెకు మొదటి రెండు వారాలు రోజుకు నాలుగుసార్లు మీటర్ పెట్టించి, ఫోన్లో అంకెలు విని సర్దాము.

నా పద్ధతిలో మారినవి

ఇన్సులిన్ వాడే ప్రతి మనిషినీ ఇప్పుడు మంచం ఎక్కిస్తున్నాను. చూడడం కాదు, వేళ్లతో తడమడం. రెండు నిమిషాల పని. ఆడవాళ్లను మా నర్సు చూస్తుంది, అనుమానముంటే నన్ను పిలుస్తుంది. "ఎక్కడ వేసుకుంటావు" అని అడిగితే అందరూ "పొట్టకు" అంటారు. "నిన్న ఎక్కడ, మొన్న ఎక్కడ, వేలు పెట్టి చూపించు" అంటే మూడుసార్లూ వేలు ఒకే చోటికి పోతుంది. లుంగీ కట్టే మగవాళ్లలో తొడ మీద చూస్తున్నాను. అక్కడా బట్ట ఎక్కడ తొలగుతుందో అక్కడే ముద్ద.

డోసు రెండోసారి పెంచబోయే ముందు కలం పక్కన పెడుతున్నాను. ముందు బిల్లులు, తర్వాత పొట్ట, తర్వాత తిండి వేళ. డిసెంబరులో రాసిన ఆ మాటను కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాను. ఆమెకు కూడా చెప్పాను. "పోనీలే సార్" అంది, కోడలు మాత్రం ఏమీ అనలేదు.

మే నెలలో గంగజాతర అయిన వారానికి చూపించుకోవడానికి వచ్చింది. నోట్‌బుక్ తిప్పుతుంటే నాలుగు రోజులు మళ్లీ పాత రాత కనబడింది. 281, 74, 302, 88. అంతకు ముందూ వెనకా అంతా 130, 150.

"ఎడమ పక్కా?" అన్నాను.

కోడలు నవ్వు ఆపుకుంది. "ఇంటినిండా చుట్టాలు సార్. లోపల తలుపేసుకునేకి చోటేడుంది" అంది ఆమె, కొంగు సర్దుకుంటూ మంచం ఎక్కింది.